బల్ల దాకా చేరని దారి

ఒక పార్కు వికలాంగులకు అనుకూలంగా ఉందా అని ఎవరైనా అడిగితే, నిర్వాహకులు సాధారణంగా ముందు ద్వారం దగ్గరున్న ర్యాంపును చూపిస్తారు, పార్కింగులో నీలిరంగు గుర్తు వేసి కేటాయించిన స్థలాన్ని చూపిస్తారు, కాస్త ముందుచూపు ఉన్నవారైతే వెడల్పు తలుపున్న టాయిలెట్‌ను కూడా చూపిస్తారు. ఇవన్నీ అవసరమే. అయితే కొండలనో, లోయనో, నీటినో చూస్తూ నలుగురితో కలిసి కూర్చుని తినడానికి వచ్చే చోటు ఎవరికి ఎంత అనుకూలంగా ఉందో ద్వారం దగ్గర నిలబడి తేల్చలేము. జనం దేనికోసం అంత దూరం వచ్చారో అక్కడికి వెళ్లి తేల్చాలి: అందరూ చుట్టూ చేరే బల్ల దగ్గర, అందరూ నిలబడి లోయలోకి చూసే అంచు దగ్గర, నీటి ఒడ్డున. వీల్‌చెయిర్‌లో వచ్చిన మనిషి, ఊతకర్రతో వచ్చిన మనిషి, చూపులేని మనిషి ఆ చోట్లకు తనవాళ్లతో పాటే చేరగలిగితే ఆ పార్కు అందరిదీ అవుతుంది. చేరలేకపోతే ద్వారం దగ్గరి ర్యాంపు వారిని పార్కింగు స్థలం దాకా మాత్రమే పిలిచినట్టు.

మా అక్క చాలా ఏళ్లుగా వీల్‌చెయిర్ వాడుతోంది. కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లినప్పుడు ఆమె తరచుగా అనే మాట ఒకటుంది: “మీరు వెళ్లి చూసి రండి, సామాను దగ్గర నేనుంటాను.” ఆ మాటలో ఫిర్యాదు ఉండదు, విసుగు ఉండదు, తనవల్ల మిగిలినవారి సంతోషం ఆగిపోకూడదన్న జాగ్రత్త మాత్రం ఉంటుంది. నడవలేని మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ మాటకు దగ్గరి మాట ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుందని నా నమ్మకం. నాలుగు మెట్లు, కొద్ది దూరం వదులు కంకర, ఇరుకైన ఒక గేటు, వీటిలో ఏ ఒక్కటి అడ్డొచ్చినా ఆ మాట అనక తప్పదు. ఏదీ అడ్డు రాని చోట ఆ మాట పుట్టదు. మా అక్క శరీరం రెండు చోట్లా ఒకటే. మారింది ఆ చోటును కట్టిన తీరు.

ముందుగా బల్ల గురించే చెబుతాను, ఎందుకంటే పిక్నిక్‌కు అదే కేంద్రం, అయినా అన్నిటికంటే తక్కువ ఆలోచన దక్కేది దానికే. పార్కుల్లో ఎక్కువగా కనిపించే బల్లకు రెండు పక్కలా బెంచీలు దానితోనే కలిపి బిగించి ఉంటాయి, కాళ్లు అడ్డంగా ఒకదానినొకటి దాటుకుంటూ ఉంటాయి. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి పక్క నుంచి రావాలంటే బెంచీ అడ్డు, చివర నుంచి రావాలంటే బల్ల కాళ్లు మోకాళ్లకు అడ్డు. చివరకు ఆ మనిషి బల్లకు చెయ్యి చాచినంత దూరంలో, పళ్లెం ఒడిలో పెట్టుకుని కూర్చుంటారు. మిగిలినవారు ఒకరికొకరు ఎదురుగా మాట్లాడుకుంటుంటే, ఆ సంభాషణ వారికి పక్క నుంచి వినిపిస్తుంది.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు, ఖరీదైనదీ కాదు. బల్లపలకను ఒక చివర కాళ్లకంటే ముందుకు పొడిగించవచ్చు, లేదా ఒక పక్క బెంచీని మధ్యలో కొంతమేర తీసేయవచ్చు. అమెరికాలో సమాఖ్య ప్రభుత్వ ఆరుబయలు స్థలాలకు వర్తించేలా అక్కడి యాక్సెస్ బోర్డు 2013లో ఇచ్చిన ప్రమాణాలు ఈ విషయాన్ని అంగుళాలతో సహా చెబుతాయి. బల్లపలక నేల నుంచి 28 అంగుళాలకు తగ్గకుండా, 34 అంగుళాలకు మించకుండా ఉండాలి; దాని కింద మోకాళ్లకు కనీసం 27 అంగుళాల ఎత్తు, 30 అంగుళాల వెడల్పు ఖాళీ ఉండాలి; బల్ల చుట్టూ 36 అంగుళాల మేర నేల చదునుగా ఉండాలి; బల్ల అంచు పొడవు ప్రతి 24 అడుగులకు ఒక వీల్‌చెయిర్ చోటు చొప్పున లెక్క వేయాలి. రెండుకు మించి పిక్నిక్ స్థలాలున్న చోట కనీసం 20 శాతం, అదీ రెండుకు తగ్గకుండా, ఇలా ఉండాలని అవి నిర్దేశిస్తాయి. ఈ కొలతల్లో ఒక్కటి కూడా విలాసం కోసం పెట్టినది కాదు; ప్రతిదాని వెనుకా బల్లకు తగిలి నొప్పిపుట్టిన మోకాలు ఉంది.

చివర పొడిగించడమా, మధ్యలో ఖాళీ వదలడమా అన్న చోట నా ఓటు మధ్యలో ఖాళీకే. చివర కూర్చున్న మనిషికి పక్కన ఎవరూ ఉండరు. మధ్యలో కూర్చుంటే ఒక పక్క పిల్లలు, ఒక పక్క పెద్దలు, అందరి చేతులూ ఒకే గిన్నె వైపు సాగుతాయి. పిక్నిక్ అంటే అదే కదా. అన్ని బల్లలూ ఒకే రకంగా కాకుండా రెండు రకాలూ కలిపి పెట్టడం ఇంకా మంచిది, ఎందుకంటే కొందరి వీల్‌చెయిర్లు పొడవుగా ఉండి చివర మాత్రమే ఇముడుతాయి.

ఆ బల్లను ఎక్కడ పెట్టారన్నది దాని ఆకారమంత ముఖ్యం. అనుకూలమైన ఒకే ఒక్క బల్లను పార్కింగు పక్కన, చెట్టు నీడ లేని చోట, మిగిలిన బల్లలన్నింటికీ దూరంగా పెట్టిన పార్కులు చాలా చూశాను. దగ్గరగా ఉంటే వారికి సులువని దీనికి కారణం చెబుతారు. దగ్గరితనం అవసరమైనవారు ఉన్నారు, అది నిజం. కాని అందరికీ దక్కే చల్లదనం, దృశ్యం, సందడి వదులుకున్నవారికే దగ్గరితనం దక్కుతుందంటే అది సదుపాయం పేరుతో చేసిన వేరుచేత. నీడ విషయమైతే మరీ పట్టింపుగా చూడాలి. వెన్నుపాముకు పైభాగంలో దెబ్బ తగిలినవారిలో చాలామందికి ఆ దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి అదుపులో ఉండదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవారిలో ఎంతోమందికి వేడి తగిలితే నీరసం, చూపు మసకబారడం వంటి లక్షణాలు ఎక్కువవుతాయి. ఎండలో పెట్టిన బల్ల వీరికి లేనట్టే లెక్క.

ఇక బల్ల దాకా వెళ్లే దారి. వీల్‌చెయిర్ వాడని మనిషికి మెట్లు కనిపిస్తాయి, నేల కనిపించదు. వాడేవారికి మొదట కనిపించేది నేలే. మామూలు వీల్‌చెయిర్‌కు ముందు చక్రాలు చిన్నవి. వదులు కంకరలో, ఇసుకలో, తడిసిన మట్టిలో, చెట్ల చుట్టూ పరిచే బెరడుముక్కల్లో అవి దిగబడిపోతాయి, కుర్చీ ముందుకు తూలుతుంది. అప్పుడు తోడు వచ్చినవారు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాగుకుంటూ తీసుకెళతారు. పని జరుగుతుంది కాని, అందమైన దారిలో ఆ మనిషి వెనక్కి చూస్తూ వెళ్లవలసి వస్తుంది. రాబోయేది ఏదీ వారికి కనిపించదు. అందుకే ప్రమాణాలన్నీ నేల గట్టిగా, నిలకడగా ఉండాలని అడుగుతాయి. గట్టిగా అంటే బరువు పడితే దిగబడకూడదు, నిలకడగా అంటే వాడకానికి, వాతావరణానికి చెదరకూడదు. దీనికోసం అడవిలో సిమెంటు పోయనక్కరలేదు. సన్నగా నలగ్గొట్టిన రాతిపొడిని తడిపి, బంకకట్టే పదార్థం కలిపి, రోలరుతో దిమ్మిస్తే మట్టిదారిలాగే కనిపిస్తుంది, చక్రం దిగబడదు. చిత్తడి నేల మీద చెక్కబాట వేస్తే పలకలను నడిచే దిక్కుకు అడ్డంగా పేర్చాలి, పలకల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. పలకలను పొడవునా పేరిస్తే చూడటానికి బాగుంటుందేమో కాని చిన్న చక్రం, ఊతకర్ర మొన ఆ సందులో ఇరుక్కుంటాయి.

వాలు గురించి అందరికీ తెలిసిన సంఖ్య 1:12, అంటే పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు. ఇది ర్యాంపుకు గరిష్ఠ పరిమితి. సుఖంగా ఎక్కగల వాలు అని దానికి అర్థం లేదు. అలాంటి ర్యాంపు 30 అంగుళాల ఎత్తు ఎక్కేసరికి కాస్త ఆగి ఊపిరి తీసుకోవడానికి 5 అడుగుల చదును ఉండాలి. పిక్నిక్ చోట్లకు వెళ్లే ఆరుబయలు దారి 1:20 వాలు లోపు ఉంటే ఎంత దూరమైనా సాగవచ్చు. 1:12 దాకా నిటారుగా ఉంటే 50 అడుగుల లోపు, 1:10 దాకా ఉంటే 30 అడుగుల లోపు విశ్రాంతి చదును రావాలి. చెట్టు వేళ్లనో, బండనో తప్పించడానికి కొద్ది దూరం నిటారుగా వెళ్లక తప్పదని ఒప్పుకుంటూనే, అది ఎంత దూరమో హద్దు గీయడం ఈ నియమాల్లో నాకు నచ్చిన సంగతి.

వీటికంటే తక్కువగా మాట్లాడుకునేది అడ్డవాలు. వాననీరు పారడానికి దారిని ఒక పక్కకు వంచుతారు. ఆ వంపు కాస్త ఎక్కువైతే కుర్చీ ఆ పక్కకు జారుతుంది, దాన్ని తిన్నగా నడపడానికి ఒక చేత్తో ఆపుతూ మరో చేత్తో తోస్తూ ఉండాలి. చదునుగా కనిపించే దారిలో మా అక్క భుజం నొప్పి పెట్టుకుని దిగిన సందర్భాలున్నాయి, పక్కన నడిచిన మాకు ఆ వంపు తెలియనే తెలియదు. సిమెంటో తారో పరిచిన దారికి అడ్డవాలు 1:48 దాటకూడదని నియమం; మట్టిదారికి నీరు నిలవకుండా ఉండేందుకు 1:20 దాకా అనుమతి. పార్కును తనిఖీ చేసేవారు తమతో తెచ్చుకోవలసిన మొదటి పనిముట్టు కెమెరా కంటే ముందు ఒక రసమట్టం.

దారి చివర దృశ్యం ఉంటుంది. ఇక్కడ అడ్డంకి రక్షణ గోడ రూపంలో వస్తుంది. పడిపోకుండా ఆపే గోడ సాధారణంగా 42 అంగుళాల ఎత్తు కడతారు. నిలబడినవారికి అది నడుము పైకి వస్తుంది, కూర్చున్నవారికి కళ్లకు దగ్గరగా వస్తుంది. ఆ గోడ రాతితో కట్టినదైతే, ఎంతో కష్టపడి అక్కడికి చేరిన మనిషికి లోయకు బదులు రాళ్లే కనిపిస్తాయి. చిన్నపిల్లలకూ అంతే, వాళ్లను ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పెద్దమనిషిని ఎవరు ఎత్తుకుంటారు? దృశ్యస్థలాల్లో నేల నుంచి 32 అంగుళాలు మొదలుకొని 51 అంగుళాల దాకా చూపుకు అడ్డులేని చోటు ఒక్కటైనా ఉండాలన్న నియమం సరిగ్గా దీనికోసమే పుట్టింది. గోడలో కొంతమేర సన్నని ఇనుప కడ్డీలతో రెయిలింగు పెడితే చాలు, రక్షణ తగ్గదు, లోయ కనిపిస్తుంది. నాణెం వేసి చూసే దుర్భిణీలు ఉన్న చోట ఒకటి తక్కువ ఎత్తులో బిగించడం కూడా ఈ కోవలోదే.

దృశ్యం అన్నాం కాబట్టి, చూపులేనివారు అక్కడికి ఎందుకు వస్తారన్న అనుమానం కొందరికి కలుగుతుంది. అందరూ వచ్చే కారణాలకే వారూ వస్తారు. గాలి మారుతుంది, నీటి చప్పుడు దూరాన్ని చెబుతుంది, తడిమట్టి వాసన వస్తుంది, పక్కన తనవాళ్లుంటారు. వారికి కావలసినవి వేరు: దారి అంచు కర్రకు స్పష్టంగా తగలాలి, మెట్లు మొదలయ్యే చోట పాదానికి తెలిసే నేల ఉండాలి. పాదంతో గుర్తించగల ఉబ్బెత్తు పలకలను జపాన్‌లో సెయిచి మియాకె రూపొందించగా, 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు. పార్కుల్లో వాటిని అన్ని చోట్లా పరచనక్కరలేదు. గట్టు అంచు, మెట్ల తల, వాహనాలు తిరిగే దారి, ఈ మూడు చోట్ల తప్పనిసరి. తెల్లకర్ర నేల నుంచి సుమారు 27 అంగుళాల ఎత్తు దాకానే అడ్డంకిని పసిగడుతుంది. అంతకు పైన గాలిలోకి పొడుచుకొచ్చిన కొమ్మ, సూచికపలక మూల, వంగిన చెట్టు కాండం ముఖానికి తగిలేదాకా తెలియవు. నడిచే దారి పైన 80 అంగుళాల మేర ఖాళీ ఉంచాలన్న నియమం పాటించడానికి కట్టడమేమీ అక్కరలేదు, కొమ్మలు కత్తిరించే మనిషి చాలు. లోయ ఆకారాన్ని వేళ్లతో తడిమి తెలుసుకునే నమూనా ఒకటి దృశ్యస్థలం దగ్గర పెడితే చూపున్నవారు కూడా దాని చుట్టూ మూగుతారు, ఎందుకంటే ఏ కొండ వెనుక ఏముందో కంటికంటే చేతికే బాగా అర్థమవుతుంది.

వినికిడి లేనివారికి మైకులో చేసే హెచ్చరిక చేరదు. వరద వస్తోందనో, ద్వారం మూసేస్తున్నామనో చెప్పడానికి వెలుగుతో కూడిన సూచన, ఫోనుకు వచ్చే సందేశం కావాలి. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందుగా అడిగేది నీటి ఒడ్డున కంచె ఉందా అని, రెండోది సందడి తగ్గే మూల ఒకటుందా అని. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ర్యాంపుతో పని లేదు, కూర్చోవడానికి బెంచీలు కావాలి. వాటికి వెనుక ఆనుకునే పలక, లేవడానికి పట్టుకునే చేతులు ఉండాలి. ఇంతమంది అవసరాలు వేరువేరుగా ఉన్నప్పుడు అందరికీ ఒకే నీలి గుర్తు పెట్టి ఊరుకోవడం సరిపోదు. ఆ గుర్తును 1968లో సూసన్ కోఫోడ్ అనే డెన్మార్క్ డిజైన్ విద్యార్థిని గీసింది, అది ప్రపంచమంతటా ఎందరికో దారి చూపింది. దాని పరిమితి దానిదే: అది ఉంది, లేదు అని మాత్రమే చెప్పగలదు.

కావలసింది సంఖ్యలు. దారి మొదట్లో పెట్టే పలక మీద దారి పొడవు, నేల రకం, వెడల్పు, వాలు, అడ్డవాలు రాయాలని ఆ 2013 ప్రమాణాలు చెబుతాయి. ఈ ఒక్క నియమాన్ని ప్రతి పార్కూ పాటించాలని నా కోరిక, ఎందుకంటే ఇది నిర్ణయాన్ని పార్కువారి చేతుల్లోంచి తీసి వచ్చిన మనిషి చేతుల్లో పెడుతుంది. బలమైన భుజాలున్న యువకుడు 1:10 వాలును చూసి వెళ్తానంటాడు, అదే వాలును చూసి మా అక్క వద్దంటుంది. ఇద్దరూ సరైన నిర్ణయమే తీసుకున్నారు. ఈ వివరాలు ఇల్లు కదలకముందే, ఫొటోలతో సహా, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవగలిగే విధంగా పార్కు వెబ్‌సైట్‌లో ఉండాలి. టాయిలెట్ పాడైతే ఆ రోజే ఆ సంగతి అక్కడ పెట్టాలి. వైకల్యం ఉన్న మనిషి ప్రయాణం ఇరుగుపొరుగు ఊహించనంత ముందు మొదలవుతుంది: మందుల వేళలు, బ్యాటరీ చార్జింగు, తోడు వచ్చేవారి సెలవు, వాహనం. ఇన్నీ కుదుర్చుకుని వచ్చాక “మీకు కుదరదండీ” అని ద్వారం దగ్గర వినవలసి రావడం కంటే, ముందే నిజం తెలిసి మరో చోటికి వెళ్లడం ఎంతో మేలు.

టాయిలెట్ గురించి నేరుగా మాట్లాడుకోవాలి. చేరగల టాయిలెట్ ఉందో లేదో తెలియని చోటికి వెళ్లేటప్పుడు చాలామంది వికలాంగులు ఉదయం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఎండలో రోజంతా గడిపే చోటికి అలా వెళ్లడం ఆరోగ్యానికి హాని. పైగా, వెడల్పు తలుపు, పట్టుకునే కడ్డీలు ఉన్న మామూలు వికలాంగుల టాయిలెట్ అందరికీ సరిపోదు. తనంతట తాను కుర్చీలోంచి లేవలేని పెద్దవారికి బట్టలు మార్చాలంటే పడుకోబెట్టే చోటు కావాలి; అది లేనప్పుడు కుటుంబసభ్యులు వారిని టాయిలెట్ నేల మీద పడుకోబెట్టవలసి వస్తుంది. బ్రిటన్‌లో 2006లో మొదలైన చేంజింగ్ ప్లేసెస్ ఉద్యమం దీన్నే ప్రశ్నించింది. పెద్దవారు పడుకోగల, ఎత్తు మార్చుకోగల బల్ల, మనిషిని కుర్చీలోంచి ఎత్తే హాయిస్ట్ యంత్రం, 12 చదరపు మీటర్ల గది ఉండాలని ఆ ఉద్యమం కోరింది. ఇంగ్లండ్‌లో కొత్తగా కట్టే పెద్ద బహిరంగ భవనాల్లో ఇలాంటి గది ఉండాలన్న నియమం 2021 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి చిన్న పార్కులోనూ ఇది కట్టలేరని నాకు తెలుసు. రోజంతా గడపమని పిలిచే పెద్ద పార్కు మాత్రం కట్టాలి. ఉన్న వికలాంగుల టాయిలెట్‌లో చీపుర్లు, బక్కెట్లు, విరిగిన కుర్చీలు పోగేసి తాళం వేయడం మాత్రం ఏ పార్కుకైనా సిగ్గుచేటు. తాళం తప్పనిసరైతే దానికీ దారి ఉంది: బ్రిటన్‌లో 1981 నుంచి ఒకే తాళంచెవితో వేల టాయిలెట్లను తెరుచుకునే రాడార్ కీ పద్ధతి నడుస్తోంది, ఆ తాళంచెవి వికలాంగుల దగ్గరే ఉంటుంది.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఎదురయ్యే అభ్యంతరాలు మూడు. మొదటిది, ప్రకృతిని పాడుచేస్తామా అన్నది. అసలు మనుషుల అడుగు పడని అడవికి, శిఖరానికి ఈ మాట వర్తిస్తుంది, అక్కడ నేను వాదించను. నేను చెప్పిన ప్రమాణాలు కూడా నేల స్వరూపం వల్ల సాధ్యపడని చోట, నియమం పాటిస్తే ఆ స్థలం స్వభావమే మారిపోయే చోట, జీవజాతుల రక్షణ చట్టాలు అడ్డొచ్చే చోట మినహాయింపు ఇస్తాయి. కాని పిక్నిక్ పార్కు ఇదివరకే మనుషులు కట్టినది. కార్లు నిలపడానికి నేలను చదును చేశారు, బల్లలు బిగించారు, నీటి గొట్టాలు వేశారు, కొండ అంచున గోడ కట్టారు, ఫొటోలు దిగడానికి అరుగు కట్టారు. నడవగలవారి సుఖం కోసం ఇంత మార్చినప్పుడు రాని ప్రకృతి ప్రస్తావన, వీల్‌చెయిర్ దారి దగ్గరకు వచ్చేసరికి రావడం నాకు న్యాయంగా తోచదు. ఆ మాటకొస్తే గట్టిగా దిమ్మించిన, హద్దు స్పష్టంగా ఉన్న దారి ఉన్నప్పుడే జనం పక్కకు దిగి గడ్డిని, వేళ్లను తొక్కడం తగ్గుతుంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో లోయర్ యోసెమిటీ జలపాతం దగ్గరి దారిని తిరగకట్టినప్పుడు తూర్పు వైపు బాటను వీల్‌చెయిర్లు వెళ్లేలా తీర్చిదిద్దారు. అక్కడి ప్రకృతికి లోటు రాలేదు.

రెండోది, అలాంటివారు ఎంతమంది వస్తారు అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వారు పార్కులో కనిపించడం లేదంటే రాలేకపోతున్నారని అర్థం చేసుకోవాలి కాని, రావాలని లేదని కాదు. పైగా ఎవరూ ఒంటరిగా పిక్నిక్‌కు రారు. ఒక మనిషి వెళ్లలేని చోటును ఆ ఇంట్లోవాళ్లు, స్నేహితులు, పిల్లలు కూడా వదిలేస్తారు, ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. లెక్కలు పక్కన పెట్టినా ఇది హక్కు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం విహార, క్రీడా, పర్యాటక స్థలాలకు వికలాంగులు చేరగలిగేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత అని స్పష్టంగా చెబుతుంది. చికిత్స, చదువు, ఉద్యోగం దగ్గర ఆగిపోకుండా సరదాగా గడపడాన్ని కూడా హక్కుగా గుర్తించినందుకు ఆ ఒడంబడికను నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను.

మూడోది మంచి మనసుతో వచ్చేదే: “మేమున్నాం కదా, కుర్చీతో సహా ఎత్తి తీసుకెళ్తాం.” ఎంతోమంది అపరిచితులు మా అక్కకు ఇలా చేయి వేశారు, వారందరి పట్లా మాకు కృతజ్ఞత ఉంది. కాని బ్యాటరీతో నడిచే పెద్ద వీల్‌చెయిర్లు మనిషి బరువు కలపకుండానే 100 కిలోలు దాటవచ్చు. పట్టుకోకూడని చోట పట్టుకుంటే చక్రం, చేతిపలక ఊడివస్తాయి. మెట్ల మీద ఒకరి కాలు జారితే అందరూ పడతారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎత్తుకుని తీసుకెళ్లిన మనిషి తనకు ఇష్టమైనప్పుడు తిరిగి రాలేరు. ఎవరికి తీరిక దొరుకుతుందా అని చూస్తూ కూర్చోవాలి. తనంతట తాను వెళ్లి, తనంతట తాను తిరిగి రాగలగడమే నేను అడుగుతున్నది.

నేలను మార్చలేని చోట కుర్చీని మార్చవచ్చు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్టాంటన్ స్టేట్ పార్కు 2017 నుంచి ట్రాక్టరులాంటి పట్టాలున్న ట్రాక్ చెయిర్లను సందర్శకులకు ఉచితంగా ఇస్తోంది, అవి మట్టి, రాళ్లు, చిన్న వాగులను దాటగలవు. ముందే నమోదు చేసుకుంటే శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త తోడు వస్తారు. ఇది గట్టి దారికి ప్రత్యామ్నాయం కాకూడదు, అది అందని చోటికి అదనం కావాలి. ఎందుకంటే తన కుర్చీలోంచి మరో కుర్చీలోకి మారలేనివారు ఉంటారు, తన శరీరానికి తగ్గట్టు అమర్చిన సీటు లేకపోతే పుండ్లు పడేవారు ఉంటారు.

డబ్బు తక్కువ ఉందనే నిర్వాహకులకు నా సూచన వరుస క్రమం గురించి. ముందుగా ఉన్న పార్కును ఉన్నట్టుగా కొలిచి, ఆ కొలతలను ద్వారం దగ్గరా వెబ్‌సైట్‌లోనూ పెట్టండి, దీనికి ఒక టేపు, ఒక రసమట్టం, ఒక రోజు సమయం సరిపోతాయి. టాయిలెట్‌లోని సామాను ఖాళీ చేయించండి, దారి పైకి వంగిన కొమ్మలు కొట్టించండి. తర్వాత పార్కులో అన్నిటికంటే మంచి చోట ఉన్న ఒక బల్లను ఎంచుకుని, పార్కింగు నుంచి అక్కడికి, అక్కడి నుంచి టాయిలెట్‌కు, దృశ్యస్థలానికి ఒక్క తెగిపోని దారి వేయించండి. పది చోట్ల పది అరకొర ర్యాంపుల కంటే మొదటి నుంచి చివరి దాకా సాగే ఒక్క దారి ఎక్కువమందికి పనికొస్తుంది. ఏటా వానల తర్వాత ఆ దారిని మళ్లీ కొలవడానికి కొంత డబ్బు పక్కన పెట్టండి, ఎందుకంటే నీటికోత, పైకి లేచే చెట్టు వేళ్లు కొద్దికాలంలోనే మంచి దారిని కూడా చెడగొడతాయి. ఈ పనులన్నింటికీ ముందు, నక్షా ఇంకా కాగితం మీద ఉండగానే, వీల్‌చెయిర్ వాడేవారిని, చూపులేనివారిని, వినికిడి లేనివారిని, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులను పిలిచి స్థలమంతా తిప్పి చూపించి అభిప్రాయం అడగండి. ఇంజినీరుకు ఇచ్చినట్టే వారి సమయానికీ ఫీజు ఇవ్వండి. వారు చెప్పిన మాటల్లో వేటిని అమలు చేశారో, వేటిని ఎందుకు చేయలేకపోయారో పని మొదలుపెట్టే ముందు వారికి రాతపూర్వకంగా తెలియజేయండి.